వలస లేని రాజ్యం

1986 ఎండాకాలంలో నేను అనంతపురంలోని ఒక శిక్షణ కేంద్రంలో సీనియర్ ఇన్‌స్ట్రక్టరుగా ఉన్నాను. గ్రామసేవకులకు కరువు పనుల పాఠాలు చెప్పడం నా విధి. వరుసగా వానలు తప్పిన కాలం. చెప్పేవాడికీ వినేవాడికీ ఓపిక చచ్చిపోయింది. అప్పుడు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, కంప్యూటర్ గదిలో ఒక ఆట తయారైందని, దాన్ని గ్రామసేవకుల చేత ఆడించి మంచిచెడ్డలు రాసివ్వమని చెప్పారు. కరువుకు ఆటొకటే తక్కువైంది అనుకున్నాను.

ఆట రాసింది రామాంజి, ధర్మవరం నేతవాళ్ళ అబ్బాయి, మా దగ్గర తాత్కాలిక ప్రోగ్రామరు. ఆటను పాఠాల్లో చేర్చుకుంటే అతని ఉద్యోగం పొడిగిస్తారు. లేదంటే ఆ నెలాఖరుతో సరి. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

గ్రామసేవకులూ నేనూ చెప్పులు బయట విడిచి, ఏసీ పెట్టిన ఆ చల్లగదిలోకి పోయాం. తెర మీద ఒక రాజ్యం, అడవిలో వానను బంధించిన రాక్షసుడు. ఆడేవాడే రాజు. ప్రతి వంతూ ఒక పంటకాలం. గాదెలోని గింజల్లో తిండికెంత, విత్తనానికెంత, రాక్షసుడి మీదికి పోయే సైన్యానికెంత అని రాజు పంచాలి. నిజం చెప్పాలంటే ఆట నాకు నచ్చింది. ఇవాళ చేసిన పొరపాటు రెండు మూడు కాలాల తర్వాత బయటపడేది. నా క్లాసులో కునుకు తీసే మహానుభావులు అక్కడ కుర్చీ కోసం కొట్లాడుకున్నారు. కరువుకొక రాక్షసుణ్ణి చూపించి, వాణ్ణి చంపితే వాన అనడం మాత్రం రుచించలేదు.

అయితే ఒక్కరూ గెలవలేదు. అందరూ రైతు ఇళ్ళవాళ్ళే. విత్తనం గింజలు ముట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. గాదెలో విత్తనాలు ఉండగానే తెర మీది జనం ఆకలికి రాలిపోయారు.

రామాంజి తల పట్టుకున్నాడు. "ఏం సార్, ఇత్తనాలు తినిపిస్తే బతుకుతారు కదా!"

నల్లమాడ వైపు నుంచి వచ్చిన ఓబుళపతి అనే గ్రామసేవకుడు కుర్చీలోంచి లేచాడు. "ఇత్తనాలు ఎట్ల తింటారప్పా? మా పక్క ఇండ్లకు తాళాలేసుకోని బెంగుళూరుకు మట్టిపనికి పోతారు. వాన పడితే ఇత్తేదానికి వస్తారు. నీ రాజ్యంలో యాడికన్నా పోయే దారే లేదే! సచ్చేదాకా ఈడనే కూచోవల్లనా?"

"జనం పోతే రాజుకు ఆట యాడుంటాదన్నా?" అన్నాడు రామాంజి. ఎవరూ నవ్వలేదు.

వలస చేర్చాలంటే ఆట మొత్తం తిరగరాయాలని, నెలాఖరులోపల కాదని అతనే ఒప్పుకున్నాడు. సాయంత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి, "సార్, లోపాలు కొంచెం చూసి రాయండి. ఇంట్లో మగ్గం గూడా నిలిచిపోయిండాది" అన్నాడు. మనసు చివుక్కుమంది. నివేదికలో బాగున్నదంతా ముందు రాశాను. గడువిస్తే సవరించవచ్చునని రాశాను. వలస లేదన్నదీ రాశాను. అది దాస్తే గ్రామసేవకులకు తప్పుడు పాఠం చెప్పినట్టే. పైవాళ్ళకు ఆ లోపమొక్కటే కనిపించింది. ఆట అటకెక్కింది.

నెలాఖరున బస్టాండులో రామాంజి కనిపించాడు. భుజాన సంచి, ఎదురుగా బెంగుళూరు బస్సు, చుట్టూ పారలు, తట్టలతో కూలి జనం. "పోయొస్తా సార్. వాన పడితే వస్తాలే" అని నవ్వాడు. వానలు పడ్డాక కూలి జనం తిరిగొచ్చారు. అతను రాలేదు.

రిటైరయ్యేదాకా శిక్షణకని ఏ కొత్త సాధనం నా బల్ల మీదికి వచ్చినా, దాని హంగులు చూసే ముందు ఓబుళపతి ప్రశ్నే వేశాను. ఇందులో జనానికి యాడికన్నా పోయే దారి ఉందా? చాలావాటిలో లేదు.