కాలర్ల లైనులో ఒకటే బిళ్ళ

ఆ బట్టల ఫ్యాక్టరీలో లైనుకొక బిళ్ళ ఉంటుంది. దాన్ని మెడలో వేసుకుంటేనే బాత్రూముకు వెళ్ళనిస్తారు. లైనెడు ఆడవాళ్ళకు ఒకటే బిళ్ళ! అదీ సూపర్‌వైజరు బల్ల మీద. అడగాలి, వాడి చూపు భరించాలి. కాలర్లు కుట్టే పెద్దావిడ మాత్రం ఏనాడూ అడిగి ఎరగదు. పొద్దున మిషను ముందు కూర్చుంటే మళ్ళీ భోజనం గంటకే లేవడం. అందరూ "ఒంటె" అనేవాళ్ళు. అంటే మురిసిపోయేది, పిచ్చి మొహం! కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ, చివరికి తన కోడలికీ అదే పాఠం చెప్పింది: "నీళ్ళు తాగకు. వస్తే ఆపుకో. అదే పోతుంది."

పోలేదు. ఇప్పుడు తుమ్మితే చుక్కలు, నవ్వితే చుక్కలు. కుళాయి చప్పుడు వినిపిస్తే చాలు, ప్రాణం మీదికి వస్తుంది. లోపల పాతగుడ్డలు మడిచి పెట్టుకుంది. ఎవరికైనా తెలిస్తే మిషను మీద నుంచి లేపేస్తారని ఒకటే గుబులు. తడవకూడదని తాగే ఆ గుక్కెడు నీళ్ళూ మానేసింది. దాంతో ఇంకా ముదిరింది.

ఇక లాభం లేదని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. సంగతంతా విని ఆవిడ తల పట్టుకుంది.

"మూత్రాశయం ఒక సంచీ అమ్మా. నిండేకొద్దీ మెదడుకి కబురు పెడుతుంది. ఇప్పుడు కాదని మెదడు అంటే కింద కండరం బిగుసుకుని ఆపుతుంది. వెళ్ళినప్పుడు అది వదులై, సంచీ ముడుచుకుంటుంది. మీరేమో ఏళ్ళ తరబడి ఆ కబురు పెడచెవిన పెట్టారు. సంచీ పాడైంది. కాన్పులకి కింది కండరాలు కూడా వదులయ్యాయి. నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి ఇంకా రేపుతుంది."

"తగ్గదా అమ్మా?"

"చాలావరకు తగ్గుతుంది. నీళ్ళు తాగండి, వేళకి వెళ్ళండి, ఆ కండరాలు బిగించడం నేర్పిస్తాను, రోజూ చెయ్యండి."

వేళకు వెళ్ళాలంటే బిళ్ళ అడగాలి కదా! మర్నాడు సిగ్గు చంపుకుని అడిగింది.

"నీకెందుకే?" అన్నాడు సూపర్‌వైజరు, లైనంతా వినేలా.

"ఆగట్లేదు బాబూ. జబ్బు చేసింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. బిళ్ళ అయితే ఇచ్చాడు. తిరిగొచ్చేసరికి ఆమె మిషను ముందు కోడలు కూర్చుని ఉంది.

"నువ్వు దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి పో. జీతం తక్కువే గానీ అక్కడ నీ ఇష్టం, ఎన్నిసార్లయినా వెళ్ళు" అన్నాడు, ఏదో దానం చేస్తున్నట్టు.

పెద్దావిడకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే కోడలి వైపు చూసింది. కడుపుతో ఉన్న పిల్ల. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"పొద్దున్నుంచీ నీళ్ళు తాగావటే?"

"లేదత్తయ్యా. కడుపుతో ఉన్నానేమో మాటిమాటికీ వస్తోంది. అయినా మీరు చెప్పినట్టే ఆపుకుంటున్నా" అంది కోడలు, మెచ్చుకుంటుందేమోనని మొహం పైకెత్తి.

పెద్దావిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. పక్కనున్న నీళ్ళ సీసా మూత తీసి కోడలి నోటి దగ్గర పెట్టింది. "నేను చెప్పింది తప్పే తల్లీ. తాగు. నా మాట విను."

కోడలు సీసాను పక్కకు తోసేసి, సూపర్‌వైజరు వైపు భయంగా చూసింది.

"వద్దత్తయ్యా, మిషను పోతుంది."