పెద్దనాయన తుపాకిలో సన్న గొట్టాలు

తాతల నాటి జోడు గొట్టాల తుపాకి లోపల అరిగిపోతే, పెద్దనాయన చింతామణి టౌనుకు పోయి వాటిలోకి రెండు సన్న గొట్టాలు దూర్పించి తెచ్చారు. వాటితో వచ్చిన ఇంగ్లీషు కాగితం చదివి, "ఇంక చిన్న తూటాలే పడతాయంట, పెద్దనాయనా" అని మెల్లగా అన్నాను.

"కాన్వెంటు పిల్లకు తుపాకి సంగతి ఏం తెలుసమ్మా?" అన్నారు.

ఈ సాయంత్రం వేరుశనగ చేలో అడవిపందులు పడ్డాయి. పెద్దనాయన ఊరి జనాన్ని వెంటేసుకుని వెళ్లి, ఇంటి నుంచి తెచ్చిన పాత పెద్ద తూటాను గొట్టంలోకి తోశారు, తిప్పారు, తిట్టారు. అది దూరలేదు.

"పందులకు దండం పెట్టి పొమ్మందాం లేప్పా!" అన్నారెవరో.

పందులు సగం చేను తవ్వి తీరిగ్గా వెళ్లాయి. ఇంటికి రాగానే ఆయన కాగితం నా ముందు పెట్టారు.

"ఏం రాసుండాదో మళ్లా ఒకతూరి చదువమ్మా."

ఈసారి గట్టిగా చదివాను. మీ ఇళ్లలోనూ చేను పోయాకే కాగితం చదివిస్తారా?