ఖాళీ సీటు మీద దస్తీ

తాడ్వాయి దాటాక వాన ఇంకా పెరిగింది. కామారెడ్డి నుంచి నిలబడే వస్తున్నాను. ఆడవాళ్లకు టికెట్టు లేని రోజులు, బస్సులో కాలు మోపే సందు లేదు. అయినా వెనకవైపు ఒక కిటికీ సీటు మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద దస్తీ పరిచి ఉంది. పక్కన ముప్పై లోపు మనిషి, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చున్నాడు. అంతమందిలో ఒక్కరూ ఆ సీటు అడగలేదు. మా వైపు దస్తీకి ఉన్న మర్యాద అది. ఎన్నో రాష్ట్రాల్లో సీట్ల కోసం జుట్లు పట్టుకోవడం చూశాను గాని, కిటికీలోంచి వేసిన గుడ్డముక్కను మనిషితో సమానంగా చూసే జనం మరెక్కడా కనబడలేదు.

"ఎవరన్న వచ్చేదున్నదా బిడ్డా?" అని అడిగాను.

అతను దస్తీని చూసి ఉలిక్కిపడ్డాడు. "నేనే ఏసిన్నా?" అని తనను తానే అడిగినట్టు గొణిగి, దాన్ని తీసి జేబులో కుక్కుకున్నాడు. "కూసో బాపు. ఎవరు రారు."

పేరు నగేశ్. ఎల్లారెడ్డిలో హమాలీ కొడుకు. కామారెడ్డిలో ఐటీఐ, తర్వాత రెండేళ్లు షార్జా, ఆపైన పోలండ్‌లో కోడిమాంసం డబ్బాల్లోకి ఎత్తే పని. ఎక్కడికి వెళ్లినా వెంట ఉన్నది వాళ్ల వాడకట్టులోనే పెరిగిన అజహర్. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే సైకిలు, అది కూడా బ్రేకుల్లేనిది.

"సంచిల వాని బట్టలున్నయి. వాళ్ల అమ్మ నూరున్నీసా చాచీకి ఇయ్యాలె. ఇంకో మాట గూడ చెప్పాలె. పది నెలలసంది నోరు వస్తలేదు."

నిరుడు అక్టోబరులో సెలవు దొరికితే అజహర్, నగేశ్, తోటి పనివాడు సంపత్ కలిసి ప్రాగ్ చూసి, అక్కడి నుంచి వియన్నాకు బయలుదేరారు. అన్నిటికన్నా చౌక బస్సు, రొట్టెల్లోకి మామిడికాయ తొక్కు. పొద్దున్నుంచీ వానే. సీట్లకు నంబర్లు లేవు. అజహర్ ఎక్కగానే వెనక కిటికీ సీటు మీద దస్తీ విసిరి, "ఎల్లారెడ్డి, ఎల్లారెడ్డి!" అని కేకేశాడట. తెల్లవాళ్లకు ఏమీ అర్థం కాక నవ్వారు. మిగతా ఇద్దరూ ముందు కూర్చున్నారు.

మధ్యాహ్నం అడవి మధ్యలో ఒక పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆగింది. దిగినవాళ్లు ఎక్కాక డ్రైవరు నగేశ్ వైపు తిరిగి, మీవాళ్లంతా ఎక్కారా అని సైగ చేశాడు.

"ఎనక్కి చూసిన బాపు. సీటు అంచు మీద దస్తీ కొస కనబడ్డది. ఉన్నడు అని బొటనవేలు లేపిన."

"మనిషిని చూడలేదా?"

"దస్తీ ఉంటె మనిషి ఉన్నట్టే గద మనకు."

గంట తర్వాత తెలిసింది, ఆ సీట్లో మనిషి లేడని. తిరిగి వెళ్లేసరికి అజహర్ అక్కడ లేడు. బంకు కెమెరాలో చూశారు. బస్సు కదిలాక అతను పరుగెత్తలేదు, అరవలేదు. ఊరికి వెళ్లే చుట్టాలకు ఊపినట్టు బస్సుకు చెయ్యి ఊపి, వానలో మెల్లగా చెట్లలోకి నడిచిపోయాడు. పోలీసులు కుక్కలతో వెతికినా చెప్పు కూడా దొరకలేదు.

"దారి తప్పిండని అందరు చాచీకి చెప్పిండ్రు. ఉన్నడు అన్నది నేనని ఎవరికి ఎరుక లేదు. సంపత్ అప్పుడు నిద్రల ఉండె."

సంచిని దగ్గరికి లాక్కున్నాడు. "చాచీ ఏమంటదో తెలుసా? శుక్రవారం శుక్రవారం అజహర్ ఫోన్ చేస్తడట. ఆడ ఇంక వాన తగ్గలేదట."

తల్లుల చెవులు అలాగే వింటాయి, సముద్రంలో పోయిన జాలర్ల గురించీ ఇలాంటి కథలే చదివాను అని చెప్పబోయాను. అతను సంచి జిప్పు లాగాడు. బట్టల మధ్య పగిలిన ఫోను. ఆ రోజు అజహర్ దాన్ని సీట్లో వదిలేసి దిగాడట. "గిది వాని ఫోనే. సిమ్ము గూడ దీంట్లనే ఉన్నది."

ఆ రోజు శుక్రవారమని అప్పుడు గుర్తొచ్చింది.

లింగంపేట దాటాక రోడ్డు కింది మోరి పొంగి, కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి. బస్సు ఆగింది. "ఎనక్కి పోతది! ఈదేటోళ్లు దిగుండ్రి, మునిగినంక మాత్రం నా పేరు చెప్పకుండ్రి," అంది కండక్టరమ్మ. బస్సంతా నవ్వింది.

నగేశ్ ముఖం తేలికపడింది. "మంచిగైంది బాపు. వాన తగ్గినంక ఇంకోపారి వస్త."

అంతలో అతని ఫోను మోగింది. అవతలి నుంచి ఒక ఆడగొంతు నాకూ వినిపించింది.

"ఏం బేటా, మోరి కాడ ఆగిపోయిండ్రా?"

"చాచీ... నీకెవరు చెప్పిండ్రు?"

"ఇంకెవడు? ఇప్పుడే మాట్లాడిండు. నీళ్లు మోకాలు లోతే, దాటి రమ్మను అమ్మీ, అన్నడు. నాకేందో చెప్పాలె గద నువ్వు? జల్ది రా, అన్నం చల్లగైతది."

ఫోను పెట్టేశాక అతను నా వైపు తిరిగాడు. "నేనొస్తున్ననని మా ఇంట్ల గూడ చెప్పలే."

సంచిలోని ఫోను తెర నల్లగానే ఉంది. జిప్పు వేశాడు. డ్రైవరు బస్సును వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. నగేశ్ లేచి, సంచి నెత్తిన పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ దిగాడు.

"ఓ అన్నా, పాగలైనవా!" అని కండక్టరమ్మ అరిచింది.

అతను ఆగలేదు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, అంతకు మించి రాలేదు. అవతలి ఒడ్డుకు ఎక్కి, ఎల్లారెడ్డి వైపు నడక సాగించాడు. రోడ్డంతా ఖాళీగా ఉన్నా, ఒక పక్కకు జరిగి, పక్కన ఇంకొకరికి చోటు విడిచినట్టు నడుస్తున్నాడు.