మూరతో కొలిచిన గది

నా భార్య దగ్గు మా ఇంటి పక్కనున్న మిల్లు పొగలో తగ్గదని దవాఖానలో తేల్చేశారు. అవి నిజాం ఏలుబడి చివరి రోజులు. నేను వరంగల్ బజారులో బట్టల కొట్టు గుమాస్తాని. హసన్‌పర్తి మగవాళ్ళు రోజూ రైల్లో మిల్లు పనికి వచ్చిపోతారనీ, అక్కడ గాలి మంచిదనీ విని, ఒకరోజు సెలవు అడిగి గది వెతకబోయాను.

ఉదయం ఏడింటికి బయల్దేరి, కాజీపేటలో బండి మారి, రెండణాల టికెట్టుతో తొమ్మిదింటికి దిగాను. మగవాళ్ళంతా సద్దిగిన్నెలతో అప్పటికే వెళ్ళిపోయారు. ఆ ఊరి తీరే అంత, పొద్దుటి బండి కదిలిందంటే తలుపులు మూసుకుంటుంది. గది ఉందా అని ఎవరినడిగినా మొహం తిప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండింది, ఏం దాస్తున్నారు వీళ్ళు అనిపించింది. చివరికి మల్లవ్వ అనే ముసలామె ఒక ఖాళీ గది చూపించింది. మంచం పడుతుందో లేదో కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. చెదలున్నాయేమో అని మడమతో నేల తట్టాను. ఒక మూల డొల్లగా మోగింది.

"ఈడేమున్నదవ్వా?"

"ఏం లేదు. గది ఇయ్య, పో."

దొంగసొత్తే అనుకున్నాను. ఆమె చూపు మాత్రం నా నోటుబుక్కు మీదే ఉంది. అప్పట్లో సర్కారు మనుషులు లెవీ పేరుతో ఇల్లిల్లూ వెతికి గింజలు పట్టుకుపోయేవారు. నాకప్పుడు వెలిగింది, ఆ మూలన ఉన్నది జొన్నల పాతర.

"నేను లెవీ మనిషిని కాదవ్వా. మా ఇంటామెకు దగ్గు. ఇట్లనే ఉంటే బతకదంటున్నరు. జర నమ్ము."

"దేంతోని కొలిచినవ్?"

"మూరతోని."

"మళ్ల కొలువు."

మోకాళ్ళ మీద కూర్చుని, కొట్టులో బట్ట కొలిచినట్టే, మోచేయి ఆనించి మూర మూరకీ బొటనవేలంత కొసరు వదులుతూ కొలిచాను.

"బట్టల కొట్టోనివే నువ్వు. సర్కారోడు కొలబద్ద తెస్తడు, మన్నుల మోకాలు పెట్టడు బిడ్డా," అంది మల్లవ్వ. "గది ఇస్త. మీ ఆమె మంచం మాత్రం ఆ మూలకే ఎయ్యాలె."

నెల తిరక్కుండానే లెవీ వాళ్ళొచ్చారు. "దగ్గు రోగమయ్యా, మీ ఇష్టం," అని మల్లవ్వ పక్కకు జరిగింది. వాళ్ళు గడప దాటలేదు. ఆ పాతర జొన్నలతోనే ఆమె మూడు నెలలు గటక వండిపెట్టింది, నా భార్య లేచి తిరిగింది. ముసలామె జాలిపడి గది ఇచ్చిందా, దగ్గు పాతరకు కాపలా అవుతుందని ఇచ్చిందా అని నాకిప్పటికీ అనుమానమే. "నీ అనుమానం పాడుగాను, బతికిన్నా లేదా?" అంటుంది నా భార్య.

అలాంటి ఊళ్ళో గది చూడబోయేవాళ్ళకు ఒకటే మాట. సాయంత్రం బండికి, పని నుంచి తిరిగొచ్చే మగవాళ్ళతో కలిసి దిగండి. నోటుబుక్కు బయటికి తీయకండి. నేల మాత్రం తట్టకండి.