నల్లపురుగుల మీద నా సిద్ధాంతం

జీవితంలో నేను ఒక్కసారే శాస్త్రవేత్తనయ్యాను, అదీ పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో నా పరువు ఎట్లా గోదావరిలో కలిసిందో చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను.

ఎమ్మెస్సీ గణితం చివరి ఏడాది. మంథనిలో మా ఇంట్లో ఒక డబ్బా నిండా నూకలు పోసి, నల్ల ముక్కుపురుగులు కొన్ని, ఎర్ర పిండిపురుగులు కొన్ని వదిలాను. ఒకే తిండికి రెండు జాతులు కొట్లాడితే ఏది మిగులుతుందో సమీకరణంతో తేల్చాలి. ఆ ప్రాజెక్టు పాసైతేనే డిగ్రీ. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి రాగానే నూకలు చేటలో పోసి పురుగుల్ని లెక్కపెట్టేదాన్ని.

వారమంతా రెండూ బాగానే పెరిగేవి. శనివారం సాయంత్రం చూస్తే నల్లవి సగం మాయం! ఎర్రవి మాత్రం దర్జాగా తిరుగుతుండేవి. రెండు నెలలు ఇదే వరస. ఇంకెవరైనా అయితే ఇంట్లో అడుగుతారు. నేనెందుకు అడుగుతాను, ఎమ్మెస్సీ కదా! ఎర్రవి ఏడు రోజులకోసారి నల్లవాటి మీద దండెత్తుతాయని తేల్చేసి, సమీకరణంలో వారానికోసారి పడిలేచే ఒక సైన్ తరంగం ఇరికించాను. గీత నా లెక్కలకు అచ్చంగా సరిపోయింది. సంతోషంతో నాకు అన్నం కూడా దిగలేదు.

"నా బిడ్డ మాట్లాడంగ సూడాలె" అంటూ ప్రాజెక్టు వైవాకు మా అమ్మ, అదే మా అవ్వ, కూడా కరీంనగర్‌లో యూనివర్సిటీకి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది.

పరీక్షకు వచ్చిన మేడం నా గీతను చాలాసేపు చూశారు. "మంచిగున్నదమ్మా. గని శనివారం వచ్చిందని గీ పురుగులకు ఎట్ల తెలుస్తది?"

"అది వాటి అంతర్గత లయ మేడం! ఎర్రవి కలిసికట్టుగ దాడి చేస్తయి."

"కళ్లతోని చూసినవా?"

"చూడలే మేడం. లెక్కల వచ్చింది."

వెనక అవ్వ లేచి నిలబడింది. "ఏం దాడి బిడ్డా? ఆదివారం చర్చికి పోవాలంటే శనివారమే ఇల్లంత సాఫ్ జేస్త గద. నీ నూకలు గూడ ఎండల ఆరబోస్త. నల్లయి బయటికి ఉరికొస్తయి, కోళ్లు బుక్కుతయి. ఎర్రయి నూకలల్ల దాసుకుంటయి."

"అయ్యో అవ్వా! నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? నూకలకు పురుగు పడితే గూడ పిల్ల పట్టించుకుంటలేదని నేనే పరేషానైన."

గదంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. మేడం కళ్లు తుడుచుకొని, "పాస్ చేస్త, కానీ ఒక షరతు. గా సైన్ తరంగం తీసేసి, మీ కోళ్లెన్నో రాసుకొని రా" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది: "ఏడు పెట్టలు, ఒక పుంజు మేడం. రాసుకోండ్రి!"

ఆ సాయంత్రం బస్టాండులో, చేతిలో ఉన్న మిర్చిబజ్జీ మీద ఒట్టేసి ప్రమాణం చేశాను. మా అవ్వ చెయ్యి తగిలే చోట ఈ జన్మలో ఏ ప్రాణి మీదా సిద్ధాంతం చెయ్యను!