ఇనుప తలుపు

లుగాంగ్ ఊళ్లో చలిగాలి మొదలయ్యే ముందు కర్టెన్లకు గిరాకీ ఎక్కువ. బీయున్ ముప్పై ఏళ్లుగా ఇంటి కింది అంతస్తులో కర్టెన్లు కుడుతోంది. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఏ పనైనా చివరికి ఆమె నెత్తి మీదికే వచ్చేది. తేల్చాల్సింది ఆమె, వంకలు పెట్టేది మిగతావాళ్లు.

ఆ ఏడు ఆమె నెత్తిన పడ్డ పని వైఫై. సన్నగా, నిలువుగా ఉండే నాలుగంతస్తుల సిమెంటు ఇల్లు వాళ్లది. నాన్న ఉండేది అన్నిటికన్నా పైన, పూర్వీకుల పూజగది పక్కన. ఊపిరితిత్తులు పాడై మెట్లు దిగలేడు. మోసుకొస్తామంటే, "పెద్దవాళ్లని వదిలి కింద పడుకోను" అంటాడు. ఆయాసం వస్తే పిలవమని మొదట ఇత్తడి గంట ఇచ్చారు. కుట్టుమిషను చప్పుడులో అది వినపడేది కాదు. అందుకని బీయున్ వైఫైతో పనిచేసే ఒక చిన్న మీట కొంది. ఆయన దాన్ని నొక్కితే ఆమె ఫోను మోగాలి. కానీ కొట్లో ఉన్న రౌటరు సిగ్నల్ రెండో అంతస్తు దాటడం లేదు.

వైఫై పెట్టే కో అనే అతను వచ్చి గోడని పిడికిలితో తట్టి చూశాడు.

"అక్కా, ఇది ఇల్లా, కోటా? ప్రతి స్లాబుకీ ఒక రంధ్రం వేసి కేబుల్ లాగేస్తా. పైన ఇంకో రౌటరు పెడితే ఇక దాని వంక చూడక్కర్లేదు."

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "రంధ్రమా? కోడలు కడుపుతో ఉందని చెప్పలేదా నీకు?"

తమ్ముడి భార్య ఇరూకి రెండుసార్లు పోయి నిలిచిన కడుపు అది. కో అప్పుడే డ్రిల్లు సంచిలో పెట్టేశాడు.

"ముందే చెప్పాలి కదక్కా. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మ నన్ను మేకు కూడా కొట్టనివ్వలేదు."

"పిండాన్ని కాచే దేవుడు ఇల్లంతా తిరుగుతుంటాడు," అంది అమ్మ. "ఏ రోజు ఏ గోడలో ఉంటాడో ఎవరు చూశారు? కానుపయ్యాక ఇల్లంతా జల్లెడ చేసుకో, నేనడగను."

"పోనీ, మెట్ల అంచునే పల్చటి కేబుల్ టేపుతో అంటిస్తా."

"మెట్ల మీద తీగా? ఇరూ కాలికి తగిలితే?" అన్నాడు తమ్ముడు చంగ్వే.

"చూసుకుని నడుస్తాలెండి," అంది ఇరూ. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఇక మిగిలింది ఒకదాన్నుంచి ఇంకోటి సిగ్నల్ అందుకునే మూడు డబ్బాలు. మూడోది పైన, మెట్ల చివరున్న ఇనుప తలుపుకి అవతల ఉండాలన్నాడు కో. అక్కడున్న ఒకే ఒక్క ప్లగ్గు పూజగదిలో ఎర్రదీపాలది.

"పెద్దవాళ్ల ముందు ఆ మిణుకుమిణుకు డబ్బానా?" అంది అమ్మ.

బీయున్‌కి విసుగొచ్చింది. తలుపుకి ఇవతలే పెట్టమంది.

"తలుపు తీసున్నంత వరకూ పర్లేదు. మూస్తే మాత్రం నన్నడక్కండి, అది ఇనుము."

"ఆ తలుపు మేమెప్పుడూ మూయం," అంది బీయున్.

అది నిజమే. అప్పుడు ఎండాకాలం.

మొదటిసారి ఫోను మోగగానే బీయున్ పరుగున మెట్లెక్కింది. "ఏమైంది నాన్నా?"

"ఏం లేదు. పనిచేస్తుందో లేదోనని."

తర్వాత టీ చల్లారిందని నొక్కాడు. వాన వచ్చేలా ఉంది, బట్టలు తియ్యమని నొక్కాడు. ఒకరోజు ఆమె గుమ్మంలోనే నిలబడి, "నాన్నా, ఇది ఆటబొమ్మ కాదు. ఊరికే మెట్లెక్కించకు నన్ను," అంది. ఆయన మీటని దిండు కిందికి తోసేశాడు. ఆ తర్వాత ఫోను అరుదుగా మోగేది.

చలిగాలి మొదలైంది. పూజగదిలో అగరుబూడిద ఎగిరి బల్లంతా పడుతోంది, నాన్న దగ్గుతున్నాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుని దిగుతూ అమ్మ ఇనుప తలుపు లాగి మూసింది. ఎవరికీ చెప్పలేదు. తలుపు మూయడమూ చెప్పాల్సిన సంగతేనా?

బీయున్ ఒక హోటలు వాళ్ల కర్టెన్లు కుడుతోంది. కత్తెర పక్కన ఫోను ఉంది. మధ్యలో ఒకసారి దానికేసి చూసి, నాన్న ఇన్నాళ్లకి మాట విన్నాడనుకుంది.

సాయంత్రం అమ్మ అగరొత్తులు పట్టుకుని పైకి వెళ్లింది. కాసేపటికి ఫోను మోగింది.

"వస్తున్నా, ఉండు," అని దారం తెంపి లేచింది. మళ్లీ మోగింది. మెట్ల మీద మళ్లీ. "అమ్మ అక్కడే ఉంది కదా నాన్నా!" అని అరిచింది. ఫోను ఆగడం లేదు. పైన మూడో డబ్బా దగ్గరికి వచ్చాక ఆమె కాళ్లు ఆగిపోయాయి. తలుపు తెరిచి ఉంది. మధ్యాహ్నం నుంచి అవతల చిక్కుకున్న పిలుపులన్నీ ఇప్పుడు వస్తున్నాయి.

అమ్మ వెలిగించని అగరొత్తులతో గుమ్మంలో నిలబడి ఉంది. నాన్న మంచం దిగి తలుపు వైపు కొంత దూరం వచ్చి పడిపోయాడు. మీట పిడికిట్లో ఉంది. చెయ్యి చల్లబడింది.

ఇరూకి ఆడపిల్ల పుట్టింది. బాలింతకు నెల నిండాక కో డ్రిల్లు పట్టుకుని వచ్చాడు. అమ్మే కబురు పెట్టింది.

"ఇప్పుడు వేసుకోవచ్చు," అంది గోడ వైపు చూస్తూ.

"పైన ఎవరున్నారమ్మా?" అంది బీయున్.

కో సంచి భుజాన వేసుకుని, "వస్తానక్కా," అని వెళ్లిపోయాడు.

ఇనుప తలుపుని బీయున్ తాడుతో గోడకి కట్టేసింది. గాలికి అగరుబూడిద బల్లంతా పరుచుకుంటుంది. అమ్మ రెండు పూటలా తుడుస్తుంది.