కల్లంలో ఆ మూల

మిరపకాయలు కల్లంలో ఎండినన్నాళ్లూ మా అమ్మ సాయంత్రం ప్రార్థన అక్కడే చేస్తుంది. నాలుగు మూలలా దేవదూతల్ని కాపలా పెట్టమని ప్రభువుని అడుగుతుంది. ఆమెన్ అనగానే నన్నూ కాపలా ఉండమంటుంది.

నిన్న మబ్బు పట్టింది. ప్రార్థన అవగానే అమ్మ మళ్లీ నన్ను కాపలా ఉండమంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“దూతలున్నారుగా, మళ్లీ నేనెందుకమ్మా?”

“వానొస్తే బరకం కప్పేదెవర్రా, దూతలా?” అంది.

నేనివన్నీ నమ్మను. చర్చికి వెళ్లడం మానేసి చాలాకాలమైంది. కాయల కుప్ప చుట్టూ తిరుగుతూ పదే పదే ఆకాశం చూశాను. కాలు ఒకచోట నిలవలేదు. చివరికి విసుగొచ్చి ఓ మూల, మడత పెట్టిన బరకం మీద కూలబడ్డాను.

“ఒరేయ్, అక్కడ కాదురా! అక్కడ దూత నిలబడున్నాడు!” అని అమ్మ అరిచింది.

గొణుక్కుంటూనే లేచాను. ఎవరికీ కాలు తగలకుండా పక్కకి జరిగాను.